జానెడు వెనక

మీర్‌పేట,
4 ఆగస్టు 2025

హరిప్రసాద్‌కు మీ మేనత్త రాజేశ్వరమ్మ రాస్తున్నది.

నీ క్షేమం అడగడానికి కాదు ఈ ఉత్తరం. దిల్‌సుఖ్‌నగర్‌లో నీ స్టూడియో, మీర్‌పేటలో నా ఇల్లు. నడుమ ఆరు కిలోమీటర్లు. అయినా పోస్టులో వేస్తున్నాను. నీ మొఖం చూడబుద్ధి కాలేదు, ఫోన్ల నీ గొంతు వినబుద్ధి కాలేదు. ఫోన్ల అయితే నువ్వు మాటకు మాట తిప్పుతావు. కాగితం మీద రాసింది రాసినట్టే పడి ఉంటుంది.

నాకు అక్షరాలు నేర్పింది నా బిడ్డ ఉదయ. కరోనా అప్పుడు అన్నీ బంద్ ఉంటే, పొద్దున పేపరు ముందటేసి, వేలు పట్టి దిద్దించింది. అందుకే నా రాత పేపరు తీరున ఉంటుంది. నోరు ఎట్ల ఉంటదో నీకు తెలుసు.

వచ్చే నెల పదిహేనున నా బిడ్డ ఏడాది. డెంగీ అని దవాఖానలో చేర్పిస్తే ఆరో రోజు బట్ట కప్పి ఇచ్చారు. ఏడాది నాటికి గోడకు పెద్ద ఫోటో పెట్టాలని అనుకున్నాను. పుట్టింటికి పిలిచి ఉదయకు ఒడిల ఒడిబియ్యం పోసిన రోజు నువ్వు తీసిన ఫోటోలు ఉన్నాయి కదా, ఆ పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎల్‌బీనగర్‌లో ఫ్రేములు కట్టే లచ్చయ్య దుకాణానికి పోయాను. నీకు పని పెట్టొద్దని అక్కడికి పోయాను. మంచిదే అయింది.

లచ్చయ్య కంప్యూటర్ల ఫోటోను పెద్దగ చేశాడు. ఇంకా పెద్దగ చేశాడు. చేసి నా దిక్కు చూశాడు.

"అమ్మా, గీ ఫోటో తీసినాయన మీకేమైతడు?"

"మా తమ్ముని కొడుకు."

"మరి మీ బిడ్డను ఇడిసిపెట్టి ఎనకున్నామెను తీసిండేంది?"

చూశాను. ఉదయ మొఖం నీళ్లల్ల పడ్డ నీడ లెక్క ఉంది. దాని భుజం మీదికి వంగిన మా వియ్యపురాలి ముక్కుపుడక రాళ్లు మాత్రం లెక్కపెట్టొచ్చు. లెక్కపెట్టిన. ఏడు. రెండు గంటలు కూర్చుని అన్ని ఫోటోలూ చూపించుకున్నాను. ఒక్కదాంట్ల గూడ నా బిడ్డ లేదు. చిన్న ఆల్బంల కనబడని మోసం పెద్దగ చేస్తే బయటపడ్డది.

ఎందుకు చేశావో నాకు తెలుసు. ఆరేండ్ల కింద మీ నాయిన ఉదయను నీకు అడిగాడు. "కెమెరా మెడలేసుకుని పెండ్లిండ్ల పొంట తిరిగేటోనికి నా బిడ్డనియ్య" అన్నాను. అన్నాను, దాచను. అది కడుపుల పెట్టుకుని, మా ఇంట్ల అన్నం తిని, నా బిడ్డ మొఖం చెడగొట్టినవ్.

జవాబు రాయి. ఫోన్ చేస్తే ఎత్తను.

రాజేశ్వరమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
8 ఆగస్టు 2025

అత్తమ్మ గారికి హరిప్రసాద్ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి స్టూడియో షట్టర్ దించి కూర్చున్నాను. మీరు అనుకున్నది నిజం కాదు. జరిగింది చెబుతాను.

కెమెరాకు ముందు పెట్టే అద్దాల గొట్టాన్ని లెన్సు అంటారు. మనం ఎవరి కంటి మీద గురి పెడితే ఆ కన్ను స్పష్టంగా రావాలి. ఆ రోజు నేను వాడిన లెన్సు గురి పెట్టిన చోట ఆగదు, కొంచెం వెనకకు పోయి ఆగుతుంది. దగ్గర నుంచి తీస్తే నాలుగు వేళ్లు, నేను నిలబడ్డంత దూరం నుంచి తీస్తే జానెడు. ఒక స్కేలును ఏటవాలుగా పెట్టి పదో అంకె మీద గురి పెట్టి తీస్తే, పదమూడో పద్నాలుగో స్పష్టంగా వస్తుంది, పది మసకగా ఉంటుంది. అంత చిన్న తేడా. కెమెరా వెనక అగ్గిపెట్టెంత తెర ఉంటుంది, అందులో చూస్తే ఎవరికీ తెలియదు.

ఆ ఫంక్షన్ కోసమే మూడు రోజుల ముందు ఆ లెన్సు కొన్నాను, ఇంకొకరు వాడినది. మొఖాలు మంచిగా వస్తాయని చెప్పారు. ఇందులో పగ ఏమీ లేదు. లెన్సు తప్పు.

మామయ్య గారికి నమస్కారాలు.

మీ మేనల్లుడు,
హరిప్రసాద్


మీర్‌పేట,
13 ఆగస్టు 2025

హరిప్రసాద్‌కు,

ఎప్పటినుంచిరా నేను నీకు "మీరు" అయింది? మా వాకిట్ల చెడ్డీ లేకుండ తిరిగినప్పుడు "అత్తా, గుడ్డు పొరిటె పెట్టు" అంటుంటివి. ఇప్పుడు గారు, గీరు. తప్పు చేసినోనికే గింత మర్యాద ఒస్తది.

లెన్సు తప్పంట. మగ్గం మీద చీర చెడిపోతే, అటూ ఇటూ పోగు మోసే నాడెను పట్టుకుని కొడతామా? నేసినోళ్లను అడుగుతాం. మీ మామ ఆనందం నీ ఉత్తరం చదివి "పాపం, మిషనుది గదనే" అన్నాడు. ఆయన చీరల దుకాణంల ఇరవై ఏండ్లు గుమస్తా పని చేసి చేసి, ఎవరేం చెప్పినా తలూపుడు అలవాటైంది. నేను ఊపను.

ఫోన్ల ఫోటోలు ఉంటయి గదా అంటావేమో. ఉన్నయి, నూర్లు ఉన్నయి. ఉదయకు సెల్ఫీల పిచ్చి. ఆ ఫోన్ల ఏం మాయ ఉందో, కండ్లు పెద్దగ అయితయి, చెంపలు పింగాణి గిన్నె లెక్క అయితయి. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఒక్క దాంట్ల గూడ లేదు. అది లేకుంటే నా బిడ్డ ఎట్లయితది?

ఆ గాటు నేను పెట్టింది. పోచంపల్లిలో ఉన్నప్పుడు, దానికి నాలుగేండ్లు. నేను మగ్గం మీద ఉన్న. పక్కకొచ్చి నిలబడ్డది. "దూరం పో" అంటనే తాడు గుంజిన, నాడె ఎగిరిపోయి తగిలింది. రక్తం కారుతుంటే అది ఏడ్వలేదు, "నీ చీరకు అంటుతదే అమ్మా" అని వెనకకు జరిగింది. ఇరవై నాలుగేండ్లు ఆ గాటు చూస్తనే దానికి జడేసిన. నాకు ఆ గాటు కావాలె. గోడ మీద కావాలె. నేను పొద్దున లేచి చూసుకోవాలె.

నీ పదో అంకె, పదమూడో అంకె నాకొద్దు. ఏం చేస్తవో చెయ్యి, నా బిడ్డ మొఖం నాకు తెచ్చియ్యి.

ఇంకొకటి. లెన్సు సంగతి నీకు ఎప్పుడు తెలిసింది? ఆ ముక్క ఉత్తరంల లేదు. రాయి.

రాజేశ్వరమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
19 ఆగస్టు 2025

అత్తమ్మ గారికి,

మీ బాధ తీరే మార్గం దొరికింది. మసక మొఖాలను స్పష్టంగా చేసే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. రెండు రోజులు కూర్చుని ఉదయ ఫోటో ఒకటి చేయించాను. ఈ కవర్లో పెడుతున్నాను. కనురెప్పల వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి. మీకు నచ్చితే రెండడుగుల సైజులో ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి నేనే తెచ్చి ఇస్తాను.

మిగతా సంగతులు కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

హరిప్రసాద్


మీర్‌పేట,
24 ఆగస్టు 2025

హరిప్రసాద్‌కు,

ఫోటో అందింది. ఆమె ఎవరో మంచిగనే ఉంది. ఆమె తల్లికి పంపు.

నీకు కండ్లున్నయా? ఉదయ ముందటి పన్ను జర పక్క పన్ను మీదికి ఎక్కి ఉంటది. ఈమెకు పండ్లన్నీ దుకాణంల పేర్చినట్టున్నయి. కనుబొమ్మ మీద గాటు లేదు, నున్నగ తుడిచేసి కొత్త వెంట్రుకలు మొలిపించినవ్. మీ మామకు చూపిస్తే చాలాసేపు చూసి, "మన చుట్టాలల్ల పిల్లనా?" అని అడిగాడు. కన్న తండ్రి అడిగిండు, వింటున్నవా? అడిగినంక ఆయనకే అర్థమై లోపలికి పోయి, రాత్రి బువ్వ ముట్టలేదు.

వెనక్కి పంపుతున్నాను. చింపుదామంటే ఎవరి బిడ్డనో చింపినట్టయితదని చింపలేదు.

ఇక అసలు మాట. నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. నిన్న మీ అమ్మ బడంగ్‌పేటలో చుట్టాలింటికి పోతూ మా ఇంటికి వచ్చింది. "పాపం పిలగాడు, పోయినేడు మార్చిలనే ఆ లెన్సు రిపేరుకు ఇచ్చి సక్కగ చేయించుకున్నడు వదినా" అని, నిన్ను మెచ్చుకోవడానికే చెప్పింది.

మార్చిల! ఒడిబియ్యం ఫిబ్రవరిల పోసినం. నా బిడ్డ పోయింది సెప్టెంబర్‌ల. ఆరు నెలలు నీకు తెలుసు. ఆరు నెలలు నా బిడ్డ ఇదే ఊర్ల తిరిగింది, స్కూటీ మీద నీ స్టూడియో ముంగట నుంచే రోజూ డ్యూటీకి పోయింది. "జర ఆగు ఉదయా, మొన్నటివి మంచిగ రాలేదు, ఒక్కటి తీస్త" అంటే ఆగకపోవునా? ఒక్క నిమిషం. ఒక్క నిమిషం నీ నోరు లేస్తే ఈయాల నేను ఎవరి బిడ్డనో చూసే గతి రాకపోవు.

నీ లెన్సు జానెడే తప్పింది. నువ్వు?

రాజేశ్వరమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
28 ఆగస్టు 2025

అత్తా,

ఇక గారు లేదు, మీరు లేదు. నువ్వు తిట్టినావు, నేనూ రాస్తాను.

అవును, తెలుసు. ఫంక్షన్ అయిన తెల్లారే కంప్యూటర్లో పెద్దగా చేసి చూసి తెలుసుకున్నాను. నీకు చెప్పాలని బయలుదేరి చంపాపేట దాకా వచ్చి, బండి తిప్పుకుని వెనక్కి పోయాను. చిన్న సైజులో వేస్తే కనబడదని చిన్న ఆల్బం చేయించాను. అది మోసమే. ఒప్పుకుంటున్నాను.

ఆల్బం ఇవ్వడానికి మీ ఇంటికి వచ్చిన రోజు ఉదయ అక్కడే ఉంది. ఒక్కొక్క పేజీ తిప్పి, "బావా, మస్తు తీసినవ్ పో. మా అత్తమ్మ గూడ అందంగ పడ్డది!" అని నవ్వింది. నేనూ నవ్వి, బండెక్కి వచ్చేశాను. ఒడిబియ్యం మళ్లీ మూడేండ్లకు పోస్తారు కదా, అప్పటికి లెన్సు బాగు చేయించి అన్నీ మంచిగా తీస్తాను, ఈసారిది ఎవరికీ తెలియదు అనుకున్నాను. మూడేండ్లు ఉన్నాయనుకున్నాను అత్తా. నువ్వు కూడా అట్లనే అనుకుని ఉంటావు.

కానీ పగ అన్నావు చూడు, ఆ మాట నేను పడను. దీంతో పాటు కొన్ని కాగితాలు పెడుతున్నాను. నేను ఎక్కడ గురి పెట్టానో కెమెరా గుర్తుపెట్టుకుంటుంది, కంప్యూటర్లో ఎర్ర చదరం లెక్క చూపిస్తుంది. చూడు. మొత్తం రెండు వందల పద్నాలుగు ఫోటోలు. రెండు వందల మూడింట్ల ఎర్ర చదరం ఎక్కడుంది? ఉదయ కంటి మీద. నువ్వు బొట్టు పెడుతుంటే ఉదయ కంటి మీద. మామ దీవిస్తుంటే ఉదయ కంటి మీద. పది మంది నిలబడితే, పది మందిలో ఉదయ కంటి మీద. ఫంక్షన్ ఫోటోలు తీసేవాడు అందరినీ తీయాలి. మా నాన్న ఆల్బం చూసి "మీ మామ ఏడిరా? నేనేడి?" అని అడిగాడు.

పగ పట్టినవాడు ఇట్లా గురి పెడతాడా? ఇంతకంటే నాతో రాయించకు. ఈ ఉత్తరం మా ఇంట్లో ఎవరి కంటా పడనీయకు.

హరి


మీర్‌పేట,
2 సెప్టెంబర్ 2025

హరికి,

నీ ఉత్తరం పొయ్యిల వేశాను. ఎర్ర చదరాల కాగితాలు బియ్యం డబ్బా మీద పెట్టుకుని రెండు రోజులు చూశాను.

పగ అన్న మాట వాపసు తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను. చంపాపేట దాకా వచ్చినోడివి, ఇంకో నాలుగు కిలోమీటర్లు రాలేకపోయినవా? మూడేండ్లు ఉన్నయనుకున్న అంటివి. నేను గూడ అనుకున్న అంటివి. అనుకున్న. అందుకే ఇంకా మండుతున్నది.

ఇప్పుడు చెప్పేది నిమ్మళంగ చదువు.

పోచంపల్లి చీరకు నేసినంక పువ్వు అచ్చు వెయ్యం. ముందుగాలనే దారాన్ని ఆసు చట్రం మీద చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో కట్లు కట్టి, రంగుల ముంచుతాం. కట్టిన చోట తెల్లగ ఉంటది, కట్టని చోట రంగు పడతది. ఒక్కోసారి దారం జరుగుతది. అప్పుడు మగ్గం మీద పువ్వు పడాల్సిన చోట పడదు. నేను కొత్తగ కోడలై వచ్చినప్పుడు ఇట్లనే జరిగితే దారమంతా నాశనమైందని ఏడ్చిన. మా అత్త తిట్టింది. "ఏందే ఏడుస్తవ్? పువ్వు యాడికి పోలే, పక్కకు పోయింది. ఎంత పోయిందో చూడు, అంచు కాడ పోగు గంతే గుంజు" అన్నది. అన్ని పోగులు ఒక్క తీరున జరిగితే పువ్వు చెడిపోదు. ఇంకో చోట ఉంటది. ఆడ వెతకాలె.

నీ లెన్సు అన్నిట్ల ఒక్క తీరున జానెడు వెనకకు పోయింది అంటివి. అంటే నువ్వు ఎవరిని చూసినవో వాళ్లు పోయి, వాళ్ల వెనక జానెడు దూరంల ఉన్నోళ్లు పడ్డరు. నువ్వు నా బిడ్డనే చూసినవ్ గనక నా బిడ్డ పడలేదు. దాని ముందటున్న వేరేటోళ్లను చూసి ఉంటే పడేది.

రెండు వందల మూడు ఉదయవి అంటివి. మిగిలిన పదకొండు ఏవి? నువ్వు నా బిడ్డను చూడని ఆ పదకొండు ఫోటోలు లచ్చయ్యకు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ల లేవు. నేను అన్నీ చూసిన. ఏం చేసినవ్ వాటిని? పారేస్తే మాత్రం నా గడప తొక్కకు.

పదమూడు రోజులే ఉన్నయి.

మీ అత్త రాజేశ్వరమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
6 సెప్టెంబర్ 2025

అత్తా,

పదిహేనేండ్లుగా కెమెరా పట్టుకున్నవాణ్ని, ఈ మాట నాకు తట్టలేదు. సిగ్గుగా ఉంది.

ఆ పదకొండింట్ల గురి పెట్టినవాళ్లే మసకగా ఉన్నారని "పనికిరానివి" అని పేరు పెట్టి పక్కన పడేశాను. చెరిపేశానేమోనని పాత డిస్కులన్నీ వెతికాను. దొరికాయి. పదింట్ల ఉదయ లేదు, లేకుంటే అటు తిరిగి ఉంది.

పదకొండోది పంపుతున్నాను. నువ్వు ఒంగి బియ్యం పోస్తున్నావు. అప్పటిదాకా ఓపిక పట్టి, ఒక్కసారి నా మీద అరిచినావు, గుర్తుందా? "ఎంతసేపు దాన్నే తీస్తవ్రా, నన్ను గూడ ఒక్కటి తియ్యి" అని. భయపడి నీ చెంప మీద గురి పెట్టి ఒక ఫోటో కొట్టాను. నీ మొఖం పిండి ముద్ద లెక్క వచ్చింది.

నీ మొఖానికి జానెడు వెనక చూడు. నేను ఏమీ రాయను. సాఫ్ట్‌వేర్ పెట్టలేదు, ఏమీ ముట్టలేదు.

హరి


మీర్‌పేట,
19 సెప్టెంబర్ 2025

అల్లుడా,

ఏడాది అయిపోయింది. నువ్వు వచ్చి గేటు కాడ నిలబడి పోయినవని మీ మామ చెప్పాడు. లోపలికి రమ్మని నేను అనలేదు, ఎవరినీ అననీయలేదు. అనవసరంగ నలుగురిల నీ మీద అరుస్తనని భయమైంది.

ఫోటో చూశాను. గాటు ఉంది. పన్ను మీద పన్ను ఉంది. పెదవి మునిపంట పట్టుకుని నా దిక్కే చూస్తున్నది. ఎందుకో నాకు తెలుసు. ఐదుసార్లు పోయాల్సిన బియ్యం నేను లెక్క తప్పి ఆరోసారి పోస్తున్న. "ఆరైతున్నయే అమ్మా" అని మెల్లగ చెప్పి నవ్వు ఆపుకున్నది. గా నిమిషం అది. నా మొఖం మాత్రం, నువ్వన్నట్టు, పిండి ముద్దే.

పెద్దగ చేయిద్దామని లచ్చయ్య దగ్గరికి పోతే, "అమ్మా, బతికున్నోళ్లు ఉన్న బొమ్మకు దండ ఎయ్యరు. మిమ్మల్ని కోసేసి బిడ్డ మొఖం ఒక్కటే కట్టిస్త" అన్నాడు. "కోస్తే నీ చెయ్యి కోస్త" అన్నాను. దుకాణంల నలుగురు తిరిగి చూశారు. చూడనీ.

ఏడాది నాడు మా వియ్యపురాలు అదే మొదలుపెట్టింది. "ఇదెక్కడి అరిష్టం వదినా, నీ బొమ్మకు నువ్వే దండేసుకుంటవా?" అన్నది. "దండ నేనెందుకేస్త? ఎవ్వరిని ఎయ్యనియ్య. మీ ఇంట్ల పెట్టిన ఫోటోకు ఎన్ని దండలేసుకుంటరో ఏసుకోండ్రి. నా ఇంట్ల నా బిడ్డకు దండ లేదు" అన్నాను. మొఖం ముడుచుకుని పోయింది. ఏడు రాళ్ల ముక్కుపుడక ఉన్నది గదా, ఆమెకేం తక్కువ.

అట్ల దండ లేకుండనే గోడ మీద ఉంది. నేను పొద్దున లేచి చూస్తున్న. కోపమైతే తగ్గలేదు. దవాఖానోళ్ల మీద ఉంది, దోమల మీద ఉంది, ఏడు నెలలు నోరు మూసుకున్న నీ మీద ఉంది. లెక్క తప్పిన నా మీద ఉంది. ఇంకో పది బియ్యం గింజలు పోస్తే ఆయుష్షు పెరుగుతది అన్నట్టు, ఆరుసార్లు పోసిన.

నిన్న మా పక్క పోర్షన్‌లకు కొత్తగ కిరాయికి ఒచ్చిన తన్మయి అనే పిల్ల పాల ప్యాకెట్ అడగొచ్చి గోడ దిక్కు చూసింది. దండ లేదు గదా, ఆ పిల్లకు తెలువదు.

"మీ అమ్మాయా ఆంటీ? ఎక్కడుంటుంది?" అని అడిగింది.

"నా ఎనకనే" అన్నాను.

ఫోటోల అట్లనే ఉన్నం గదా, ఆ పిల్ల చూసి నవ్వుకుంట పోయింది.

మీ మామ కొట్టిన మేకు గట్టిగ దిగలేదు, ఫ్రేము ఒక పక్కకు ఒరుగుతున్నది. ఆయన కన్ను మీద నాకు నమ్మకం లేదు. వచ్చే వారం ఆదివారం నువ్వు వచ్చి సరిగ్గ చూసి కొట్టు. నేనైతే నీతో మాట్లాడను, ముందే చెప్తున్న. అన్నం పెడ్త, తిని పో.

ఏం కూర చెయ్యాల్నో ఉత్తరం రాయి.

మీ అత్త